అప్‌డేట్: ఇంగ్లీషులో బై (by), అంటిల్ (until) తేడా ఇప్పుడు అర్థమైంది

పోయిన వారం ఇక్కడ ఈ రెండిటి తేడా ఏంటని అడిగింది నేనే. "ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ అంటిల్ ఫ్రైడే" అని మెయిల్ పెడితే, రోజూ పంపుతూనే ఉంటావా అని మా మేనేజర్ అడిగారు, అందులో తప్పేంటో తెలియక టెన్షన్ పడ్డాను.

మీలో ఒకరు చెప్పిన "కల్లా, దాకా" చిట్కా నాకు బాగా పనికొచ్చింది. శుక్రవారం కల్లా పంపిస్తాను అంటే పని ఒక్కసారే జరుగుతుంది, శుక్రవారం దాటదు, అది బై. శుక్రవారం దాకా ఊళ్లో ఉంటాను అంటే ఆ స్థితి అప్పటివరకు సాగుతూనే ఉంటుంది, అది అంటిల్. అసలు నా తప్పు ఎక్కడ పుట్టిందంటే, మా ఇంట్లో రెండిటికీ "వరకు" అనే అంటాం, "రేపటి వరకు ఇచ్చేస్తా" అని చిన్నప్పటి నుంచీ విని, అదే ఇంగ్లీషులోకి మోసుకొచ్చాను. అందుకే ఇప్పుడు "వరకు" నోటికి రాగానే ఆగి, కల్లానా దాకానా అని చూసుకుంటున్నాను.

కాదు, లేదు వచ్చే వాక్యాల్లో కూడా దాకా సరిపోతోంది. షాపు పది దాకా తెరవరు: "ద షాప్ వోంట్ ఓపెన్ అంటిల్ టెన్". ఇక్కడ బై పెడితే మాట మారిపోతుంది, పదికల్లా తెరిచి ఉండదని మాత్రమే తెలుస్తుంది, ఎప్పుడు తెరుస్తారో తెలియదు.

ఇంకోటి, టిల్ అనేది అంటిల్‌కి పొట్టి రూపం అనుకునేదాన్ని, కాదట, టిల్లే పాత మాట.

నిన్న "బై మండే" అని రాశాను, మేనేజర్ మళ్లీ ఏమీ అడగలేదు. చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్.