వీపు ఆకుపచ్చగా ఉంటే ఆలెన్సేనా?

కుంకుడుచెట్టు: కాలిఫోర్నియాలోని సాంటా క్రూజ్‌లో ఉంటాం. మార్చి మొదటి నుంచి మా పెరట్లో పంచదార నీళ్ల సీసా దగ్గరకు ఒక మగ హమ్మింగ్‌బర్డ్ వస్తోంది. గొంతు నిప్పుకణిక, పక్కలు ఇటుక రంగు, వీపు ఆకుపచ్చ. వీపు చూసి ఆలెన్స్ అనే రకమని పుస్తకంలో రాసుకున్నాను. రూఫస్ అనే ఇంకో రకం హమ్మింగ్‌బర్డ్ కావచ్చని పక్కింటాయన అంటున్నారు. మీరేమంటారు?

ఈకలశాస్త్రి: ఆయన సందేహం సబబే. మగ రూఫస్‌కు వీపు మామూలుగా ఇటుక రంగే, కానీ కొన్నింటికి ఆకుపచ్చగానూ ఉంటుంది. పైగా మార్చిలో అవి మెక్సికో నుంచి ఉత్తరానికి, కొన్ని అలాస్కా దాకా, మీ తీరం మీదుగానే వెళ్తాయి.

పొగమంచు: ఊరు కూడా సాక్ష్యమేనండి. ఆలెన్స్ గూళ్లు కట్టేదే దక్షిణ ఒరెగాన్ నుంచి కాలిఫోర్నియా తీరం వెంట ఉన్న సన్నని పట్టీలో. ఫిబ్రవరికల్లా మగవి దిగి తుప్పలు పంచుకుంటాయి. దారిన పోయే పిట్ట అన్ని రోజులు ఒకే కొమ్మ మీద కాపలా కాస్తుందా?

ఈకలశాస్త్రి: కాస్తుంది. ప్రయాణం మధ్యలో ఒళ్లు చేసుకోవడానికి ఆగిన రూఫస్ పూలపొదను రోజుల తరబడి వదలదు. బరువు 3 గ్రాములకు కాస్త ఎక్కువ, పొగరు మాత్రం కోడిపుంజుది! తోక చూడండి. మధ్య నుంచి రెండో ఈక చివర గంటు ఉంటే రూఫస్. గంటు లేక, అంచు ఈక మరీ సన్నగా ఉంటే ఆలెన్స్.

గోదారిగట్టు: మా అమ్మ వీటిని తేనెపిట్టలే అంటుంది. తప్పా?

ఈకలశాస్త్రి: చుట్టరికం లేదు. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. తాగేది పూలతేనె కాబట్టి రెంటికీ ముక్కు పొడవైంది. మన తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ మీద వాలి తాగుతుంది, ఇది గాల్లో నిలబడి తాగుతుంది. అమ్మగారిని మాత్రం సరిదిద్దకండి.

పొగమంచు: అసలు విషయానికి వద్దాం. ఆడపిట్టల ముందు ఆ మగది ఉయ్యాలలా అటూ ఇటూ ఊగి, తర్వాత పైకెగిరి దూకిందా? అది ఆలెన్స్ పద్ధతి.

కుంకుడుచెట్టు: ఊగడం చూడలేదు. నిన్న ఈకలు సవరించుకుంటూ తోక విప్పితే నలభై ఫొటోలు తీశాను. ముప్పైతొమ్మిది మసక. మిగిలిన ఒక్కదానిలో ఎడమవైపు రెండో ఈకకు గంటు ఉంది.

పొగమంచు: చిరిగి ఉండవచ్చు. కుడివైపు ఈక చూపించండి.

కుంకుడుచెట్టు: కుడివైపు సీసా అడ్డం వచ్చింది. పుస్తకంలో ఆలెన్స్ కొట్టేశాను. రూఫస్ అని ఇంకా రాయలేదు.