నాయనమ్మ జ్ఞాపకార్థ కూడికలో ఏమి చదవాలి?

పాలమూరు మనుమరాలు (ప్రశ్న):
అందరికీ వందనాలు. మా నాయనమ్మ ప్రభువునందు నిద్రించి వచ్చే నెలకు ఏడాది నిండుతుంది. జడ్చర్లలో ఇంటి ముందర పందిరి వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటున్నాము. ఆమె జీవిత వృత్తాంతాన్ని నన్ను చదవమన్నారు. రెండు రోజులు కూర్చుని రాసిన కాగితంలో భక్తిపరురాలు, ప్రార్థనాపరురాలు, సేవాతత్పరురాలు అన్న మాటలు తప్ప మరేమీ లేవు; పేరు మారిస్తే ఏ సంఘంలోని ఏ పెద్దమ్మకైనా సరిపోతాయి.

ఆమె దేవరకొండలో మిషన్ బోర్డింగులో ఏడో తరగతి వరకు చదివి, పెళ్లయి జడ్చర్లకు వచ్చి, ఇక్కడి మిషన్ ఆసుపత్రిలో 27 ఏళ్లు ఆయాగా పనిచేశారు. పని మానిన తర్వాత, తాతయ్య అక్కగారు పక్షవాతంతో మంచాన పడితే ఆరేళ్లు ఆమెను చూసుకున్నారు. నా ఇబ్బంది ఇక్కడే ఉంది. పొలం గట్టు తగాదా వల్ల అంతకు ముందు పదకొండేళ్లు వారిద్దరికీ మాటలు లేవు. ఆ సంగతి చెప్పాలా, వదిలేయాలా? ముందు వరుసలో కూర్చునేది ఆ అక్కగారి పిల్లలే. పైగా వచ్చేవారిలో సగం మంది ఇతర మతాల ఇరుగుపొరుగు వారు. మాది మెన్నోనైట్ బ్రదరెన్ (ఎంబీ) సంఘం; మెన్నోనైట్లంటే ఎవరని వారు అడిగితే నాకే సరిగా చెప్పరాదు.

దేవరకొండ పెద్దాయన:
అమ్మా, రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. 1525లో జూరిక్‌లో, పసిపిల్లలకు కాక విశ్వసించిన పెద్దవారికే బాప్తిస్మం ఇవ్వాలన్నవారు వేరుపడ్డారు. 1536లో క్యాథలిక్ పూజారి పదవి వదిలి అటువంటివారితో కలిసిన మెన్నో సైమన్స్ అనే డచ్చివాని పేరు మీద మెన్నోనైట్లనే పిలుపు వచ్చింది. కత్తి పట్టకూడదన్నది వారి పట్టుదల. వారిలో నుంచి 1860లో, ఇప్పటి ఉక్రెయిన్‌లో, మన ఎంబీ సంఘం పుట్టింది. అమెరికా ఎంబీ మిషనరీలు 1899లో నిజాం రాజ్యానికి వచ్చారు. మా నల్లగొండ బంధువులు తమను బాప్టిస్టులమనే చెప్పుకుంటారు గాని, అక్కడ తొలినాళ్లలో పనిచేసిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన మెన్నోనైటే. ఈ మాట అంటే వారు నవ్వుతారు. మీరు పందిట్లో ఇదంతా చదవకండి, రెండు వాక్యాలు చాలు.

మొదటి ప్రశ్నకు వస్తే, శాంతి బోధ అనగానే మనవారు యుద్ధం సంగతే ఎత్తుతారు, గట్టు తగాదా దగ్గరికి మాత్రం ఎవరూ రారు. అందుకే చెప్పమంటాను.

రిటైర్డు నర్సు, వనపర్తి:
పెద్దాయన గారి మాట నాకు సమ్మతం కాదు. ఆరేళ్లు మంచాన ఉన్న మనిషి తగాదాను మళ్లీ నలుగురిలో వినిపించడం ఏమి న్యాయం? ఆమె బదులు చెప్పడానికి లేరు కదా.

మీరు పనిని రాయండి. ఆసుపత్రిలో ఆయాల దగ్గర మేము నేర్చుకున్నది చాలా ఉంది. కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి ఒత్తిగిలించాలి, మడమలు, తుంటి, వెన్ను చివర ఎర్రబడ్డాయేమో చూడాలి, తడి తగలనీయకూడదు. ఇవి తప్పితే పడక పుండ్లు పడతాయి. పక్షవాతం వచ్చినవారికి మింగడం కష్టం కనుక, తల ఎత్తి కూర్చోబెట్టి కొద్దికొద్దిగా పట్టకపోతే పొలమారుతుంది. ఆరేళ్లలో ఆమెకు పుండు పడిందా? పడకపోతే ఆ ఒక్క మాటే రాయండి, తెలిసినవారికి అర్థమవుతుంది.

పాలమూరు మనుమరాలు:
పడలేదండి. మీరు అడిగే వరకు అది చెప్పదగిన సంగతి అని నాకు తోచలేదు. నాయనమ్మ పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి నడుము కింద పరిచేవారు, మడత ముడుచుకోకుండా అరచేత్తో సవరించేవారు. తైద (రాగి) అంబలిని గంటెతో కాక చిన్న చెంచాతో పట్టి, గొంతు కదిలిందని చూశాకే రెండో చెంచా ఎత్తేవారు. వండే ప్రతిసారీ సంఘానికని పిడికెడు బియ్యం డబ్బాలో వేసేవారు; ఆ డబ్బా మంచం కిందనే ఉండేది, అక్కగారు చప్పుడు వినేవారు, వేయడం మరిచిపోయిన రోజు గుర్తుచేసేవారట.

నిన్న ధైర్యం చేసి ఆ అక్కగారి పెద్ద కూతురికి ఫోన్ చేసి, ఏమి చదవాలో ఆమెనే అడిగాను. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, మంచాన పడ్డ మొదటి రోజు సంగతి చెప్పింది. నాయనమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, తలవైపు నిలబడి, "వదినె, నీళ్లు తాగుతవా?" అన్నదట. పదకొండేళ్లకు అదే మొదటి మాట. వాళ్ల అమ్మ చనిపోయేదాకా ఆ మాట తలుచుకునేదట. "అది రాయి బిడ్డా" అన్నది.

పొలం ఊసు తీసేశాను. అంతకు ముందు వారిద్దరికీ మాటలు లేవన్న ఒక్క వాక్యం ఉంచి, దాని కింద ఆ నీళ్ల మాటను ఆమె చెప్పినట్టే రాసుకున్నాను.