తెలుగు పేజీలు దిద్దే పనికి మానిటర్: 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ సరిపోతుందా, 1440పీ కావాలా?

తెనాలి_అచ్చు:

అందరికీ నమస్తే. మాది తెనాలి. ఇంట్లోనే డీటీపీ, ప్రూఫ్ రీడింగ్ చేస్తుంటాను, ఎక్కువగా స్కూలు గైడ్లు, ఒకటి రెండు చిన్న పత్రికలు, అప్పుడప్పుడు కవితా సంపుటాలు. ఇప్పుడున్నది 18.5 అంగుళాల పాత మానిటర్, 1366×768. సాయంత్రం అయ్యేసరికి కళ్లు మండిపోతున్నాయి, పైగా అక్కడున్నది ధ నా థ నా తేల్చుకోవడానికి ప్రతిసారీ జూమ్ చేయాల్సి వస్తోంది, ఇక ‘లక్ష్మి’, ‘మత్స్య’ లాంటివి వస్తే చెప్పక్కర్లేదు. బడ్జెట్ 18 వేలు, తప్పదంటే 20. షాపులో 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1920×1080) చూపించి ఇదే తీసుకోండమ్మా, అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి అంటున్నారు. కాస్త ఎక్కువ పెడితే 1440పీ వస్తుందట. మా తమ్ముడేమో కొంటే 4కే కొను అంటాడు. గేమ్స్ ఆడను. పని చాలావరకు పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7లో అను ఫాంట్లతో, కొత్తవి కొన్ని ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తో. సీపీయూ పాతదే, మూడో తరం ఐ3, వీజీఏ కేబుల్‌తో నడుస్తోంది. ఏది కొనమంటారు?

పుటల_కొలువు:

27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మాత్రం వద్దండి. సైజు కాదు, అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు (స్క్రీన్ మీద బొమ్మను కట్టే చిన్న గళ్లు) వస్తాయో చూడండి. మీ పాత మానిటర్‌కి దాదాపు 85. షాపువాళ్లు చూపించిన దానికి 82. అంటే డబ్బు పెట్టి కొన్నాక అక్షరం ఇప్పటికంటే ఒక పిసరు మొరటుగానే ఉంటుంది, స్క్రీన్ పెద్దది కాబట్టి షాపులో నిలబడి చూసినప్పుడు అది తెలియదు. అదే 27 అంగుళాల్లో 1440పీ, అంటే 2560×1440 అయితే 109 వస్తాయి.

ఇంగ్లిష్ టైప్ చేసుకునేవాళ్లకి 82 తో సర్దుకోవచ్చేమో గానీ మన పని వేరు. పేజీని అసలు సైజులో పెట్టి 10 పాయింట్ల అక్షరం చూస్తే 82 దగ్గర మొత్తం ఎత్తుకు దక్కేది 11 పిక్సెళ్లు. అందులోనే పైన గుడి, మధ్యలో అక్షరం, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు, అన్నీ ఇరుక్కోవాలి. ధ కీ థ కీ తేడా లోపలి చుక్క ఒక్కటే కదా, ఆ చుక్కకి ఒక పిక్సెల్ కూడా సరిగ్గా దొరకదు, బూడిద రంగు మరకలా మిగులుతుంది. 109 దగ్గర అదే అక్షరానికి 15 పిక్సెళ్లు, చుక్క చుక్కలా కనబడుతుంది. ప్రూఫ్ చూసేవాళ్లకి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఇంకొకటి. 27 అంగుళాల స్క్రీన్ వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు, ఎత్తు 33.6. ఏ4 పేజీలు రెండు పక్కపక్కనే అసలు సైజులో పట్టేస్తాయి, పక్కన టూల్స్‌కి చోటు కూడా మిగులుతుంది. 24 అని అమ్మేవి నిజానికి 23.8, వాటి ఎత్తు 29.6 సెంటీమీటర్లే, ఏ4 ఎత్తు 29.7. కాబట్టి మెనూలు, టాస్క్‌బార్ పోను నిండు పేజీ పట్టదు.

బెజవాడ_కోడర్:

అక్కా, మీ తమ్ముడు చెప్పిందే నా మాట కూడా. 27 లో 4కే (3840×2160) అంటే అంగుళానికి 163 పిక్సెళ్లు, విండోస్‌లో స్కేలింగ్, అంటే అక్షరాలూ మెనూలూ పెద్దవి చేసే సెట్టింగ్, 150 శాతం పెట్టుకుంటే అక్షరం అచ్చులో చూసినట్టే ఉంటుంది. నేను రోజంతా కోడ్ చూస్తాను, 4కే కి మారాక వెనక్కి వెళ్లాలనిపించలేదు. కళ్ల కోసం కొంటున్నప్పుడు ఇంకో నాలుగైదు వేలు ఆగి పోగేసుకుని అదే కొనడం మంచిది.

పుటల_కొలువు:

తమ్ముడూ, కోడ్‌కి, ఇన్‌డిజైన్‌కి నువ్వు చెప్పింది వందకి వంద నిజం. కానీ ఆవిడ పని సగానికి పైగా పేజ్‌మేకర్ 7లో. అది 2001లో వచ్చిన సాఫ్ట్‌వేర్, స్కేలింగ్ అంటే దానికి తెలియదు. 150 శాతం పెడితే విండోస్ ఆ కిటికీ మొత్తాన్ని బొమ్మలా సాగదీసి చూపిస్తుంది, అక్షరాలు మసకబారతాయి. పోనీ స్కేలింగ్ తీసేస్తే మెనూలు, టూల్స్ చీమ తలకాయంత అయిపోతాయి. రెండు విధాలా 4కే కి పెట్టిన డబ్బు పేజ్‌మేకర్‌లో అక్కరకు రాదు. 1440పీ అయితే స్కేలింగ్ 100 దగ్గరే ఉంచి పని చేసుకోవచ్చు, అందుకే దాని దగ్గర ఆగమంటున్నాను.

తెనాలి_అచ్చు గారూ, ఒక్క సంగతి ముందే చెప్పాలి. 1440పీలో మెనూ అక్షరాలు ఇప్పుడు మీకు కనిపించే సైజులో నాలుగింట మూడొంతులే ఉంటాయి. పేజీని జూమ్ చేసుకోవచ్చు గానీ పేజ్‌మేకర్ మెనూని చేయలేం. చత్వారం ఉంటే కంప్యూటర్ దూరానికి వేరే అద్దాలు రాయించుకోండి, పుస్తకానికి వాడేవి మూరెడు దూరంలో ఉన్న స్క్రీన్‌కి పనికిరావు.

బెంచ్_సికింద్రాబాద్:

మానిటర్ సంగతి మాట్లాడారు, సీపీయూ సంగతి ఎవరూ అడగలేదు. మూడో తరం ఐ3 బోర్డులో ఉన్న గ్రాఫిక్స్ హెచ్‌డీఎంఐ నుంచి 1920×1200 దాటి ఇవ్వదు. డిస్‌ప్లేపోర్ట్ ఉంటే 2560×1600 వరకు ఇస్తుంది. కాబట్టి ముందు వెనక ఏ సాకెట్లు ఉన్నాయో చూడండి మేడం. వీజీఏ మాత్రం వదిలేయండి, అది అనలాగ్, ఎంత మంచి మానిటర్ పెట్టినా అక్షరం అంచులు మెత్తబడిపోతాయి. మీ ధ, థ తగాదాలో కొంత దాని వల్ల కూడా అయ్యుండొచ్చు.

ప్యానెల్ (స్క్రీన్ పలక) రకాల్లో ఐపీఎస్, వీఏ, టీఎన్ అని ఉంటాయి, మీరు ఐపీఎస్ తీసుకోండి. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది, కాంట్రాస్ట్ (తెలుపు నలుపుల మధ్య తేడా) 3000 దాకా ఉంటుంది, ఐపీఎస్‌లో మామూలుగా 1000. కానీ మీరు రోజంతా చూసేది తెల్ల పేజీ, సినిమా కాదు. వీఏలో పక్కలకి వెళ్లేకొద్దీ రంగు మారుతుంది, రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకి అది చిరాకు. టీఎన్ అయితే అసలు వద్దు. బాక్స్ మీద లక్షల్లో, కోట్లలో రాసే డైనమిక్ కాంట్రాస్ట్, 1 మిల్లీ సెకండ్, హెచ్‌డీఆర్ ఇవేవీ మీ పనికి పట్టించుకోకండి. ఎన్ని రంగులు చూపగలదో చెప్పే చోట ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని కనిపిస్తే పక్కన పెట్టేయండి, కవర్ పేజీలు చేసేటప్పుడు ఎరుపు వెలిసిపోయినట్టు ఉంటుంది. ఎస్‌ఆర్‌జీబీ (కంప్యూటర్లలో మామూలుగా వాడే రంగుల కొలత) 99 శాతం ఉన్నది చూడండి. ఫ్లికర్ ఫ్రీ అని ఉందో లేదో చూడండి, ఇది కళ్లకి సంబంధించింది. చవక మానిటర్లు కొన్నిటిలో బ్రైట్‌నెస్ తగ్గిస్తే వెనక లైటు వేగంగా ఆరి వెలుగుతూ ఉంటుంది, కొందరికి తలనొప్పి దాని వల్లే. స్టాండ్ ఎత్తు తగ్గించి పెంచేది కావాలి, అది లేకపోతే వెనక 100×100 వెసా (VESA) మర రంధ్రాలైనా ఉండాలి, తర్వాత చేయిలా కదిలే స్టాండ్ బిగించుకోవచ్చు.

తెనాలి_అచ్చు:

చాలా థాంక్స్ అందరికీ. వెనక చూశాను, వీజీఏ ఒకటి, హెచ్‌డీఎంఐ ఒకటి, అంతే, డిస్‌ప్లేపోర్ట్ లేదు. అంటే 1440పీ కొన్నా దండగేనా? సీపీయూ కూడా మార్చే స్తోమత ఇప్పుడు లేదు.

బెంచ్_సికింద్రాబాద్:

దండగ కాదు మేడం. జీటీ 1030 లాంటి చిన్న గ్రాఫిక్స్ కార్డ్ వేయించండి, హెచ్‌డీఎంఐ 2.0 ఉంటుంది, 1440పీ హాయిగా వస్తుంది. 30 వాట్లే కాబట్టి పవర్ సప్లై మార్చక్కర్లేదు, వేరే వైరు కూడా గుచ్చక్కర్లేదు. సెకండ్ హ్యాండ్‌లో చూడండి, హైదరాబాద్ వచ్చే పని ఉంటే ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపులుండే సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) అడగండి, అక్కడే పెట్టించి చూపించమనండి. మీ క్యాబినెట్ సన్నదైతే లో ప్రొఫైల్ (పొట్టి) కార్డ్ కావాలని ముందే చెప్పండి, లేకపోతే మూత పడదు.

ఈ రెండూ కలిపి 20 దాటిపోతుందనుకుంటే మానిటర్ ముందు కొనండి, కార్డ్ వచ్చే నెల. ఈలోపు హెచ్‌డీఎంఐతో 1920×1080లో నడుస్తుంది, కాస్త మసగ్గా ఉంటుంది గానీ పని ఆగదు.

పుటల_కొలువు:

అవును, అలా చేయండి. వచ్చాక తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కో రంగూ స్క్రీన్ నిండా పెట్టి వెలగని చుక్కలు, ఆరని చుక్కలు ఉన్నాయేమో మొదటి రోజే చూసుకోండి, వాపసు గడువు దాటితే కంపెనీలు ఒకటి రెండు చుక్కలకి మానిటర్ మార్చవు. తర్వాత బ్రైట్‌నెస్ దించండి. పక్కన మామూలు తెల్ల కాగితం పెట్టుకుని, స్క్రీన్ తెలుపు దానికంటే మెరవకుండా ఉండేదాకా తగ్గిస్తూ పోండి. షాపు సెట్టింగ్‌లో వదిలేస్తే ఎంత ఖరీదైనదైనా కళ్లు మండుతాయి.

తెనాలి_అచ్చు:

సరే, 27 అంగుళాల 1440పీ ఐపీఎస్‌కే ఫిక్స్ అయ్యాను. కార్డ్ వచ్చే నెల. క్యాబినెట్ సన్నదే, లో ప్రొఫైల్ అని రాసి పెట్టుకున్నాను.