పోకెమాన్ ఫ్యాన్ గేమ్: ముందు 150 జీవుల జాబితానా, ముందు ఆడదగ్గ డెమోనా?

గడ్డిపొద:
మేం ఐదుగురం. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఆర్‌పీజీ మేకర్ ఎక్స్‌పీ మీద, పోకెమాన్ తరహా ఆటల కోసం అభిమానులు చేసిన కిట్ పోకెమాన్ ఎసెన్షియల్స్ 21 వాడుతున్నాం. 150 సొంత జీవులు, 8 జిమ్‌లు (ఒక్కో లీడర్‌తో పోరాడే చోట్లు) అనుకున్నాం. జాబితా మొత్తం ఖరారయ్యాక మ్యాపులు మొదలెట్టాలా, చిన్న డెమో ముందా? టీమ్ రెండుగా చీలింది.

రూబీరావు:
డెమోనే. ఒక్కో జీవికి ముందు బొమ్మ, వెనక బొమ్మ, ఆ రెండిటికీ షైనీ (అరుదుగా కనిపించే వేరే రంగు రూపం), ఒక ఐకాన్. మొత్తం 5 ఫైళ్లు, 150కి 750. అరుపులు వేరే. డెమోకి 12 జీవులు చాలు: మూడు స్టార్టర్ (ఆట మొదట్లో ఎంచుకునే జీవి) కుటుంబాలు, ఒక పిట్ట కుటుంబం, ఒక్కోదానిలో మూడు రూపాలు. 60 బొమ్మల్లో తేలిపోతుంది. ఒక ఊరు, రెండు రూట్లు, ఒక జిమ్. లీడర్ చివరి జీవిని లెవెల్ 14 దగ్గర పెట్టండి, పోకెమాన్ రెడ్ ఆటలో మొదటి లీడర్ బ్రాక్ జీవి ఓనిక్స్ అంతే. నిప్పు స్టార్టర్ తీసుకున్నవాడికి ఆ రూట్లలో నీటిదో గడ్డిదో దొరక్కపోతే రాతి జిమ్ దగ్గర ఇరుక్కుపోతాడు. ఈ సంగతి ఎక్సెల్ షీట్ చెప్పదు, ఆడితేనే తెలుస్తుంది.

గీతలగోపి:
జాబితా లేకుండా గీయిస్తారు, రేపు "ఇది నీళ్లది కాదు, విషం" అంటారు. రంగులు మారాలి, షైనీ మారాలి, ఐదు ఫైళ్లూ మళ్లీ మొదటికి. స్టాట్స్ తర్వాత చూసుకోవచ్చు గానీ టైపుల జంటలు, పరిణామ దశలు, నల్లటి నీడబొమ్మ 150కీ ముందే ఉండాలి. లేకపోతే చివరికి నలభై నక్కలు తేలతాయి.

పిక్సెల్‌పంతులు:
సైజు తేల్చారా? 80×80 పిక్సెళ్లలో గీసి రెట్టింపు చేస్తే 160, 96×96 అయితే 192. కొన్ని రెట్టింపు చేసినవి, కొన్ని నేరుగా 192లో గీసినవి కలిస్తే యుద్ధంలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెంచేటప్పుడు నియరెస్ట్ నైబర్ (పిక్సెళ్ల రంగులు కలపకుండా పెంచే పద్ధతి) పెట్టకపోతే అంచులు మసకబారతాయి.

రూబీరావు:
పంతులుగారూ, ప్రశ్న సైజు గురించి కాదు.

పిక్సెల్‌పంతులు:
సైజు తేలకుండా 12 గీసినా 150 గీసినా మళ్లీ గీయాల్సిందే.

మ్యాప్‌మేస్త్రి:
ఏది ముందైనా మ్యాపులు పంచుకోండి. అవి బైనరీ ఫైళ్లు, ఇద్దరి మార్పుల్ని కలపడం గిట్ (టీమ్ ఫైళ్లు పంచుకునే సాధనం) వల్ల కాదు. ఇద్దరు ఒకే మ్యాపు మీద పనిచేస్తే ఒకరి కష్టం గోవిందా. కొత్త మ్యాపు చేర్చినప్పుడల్లా మ్యాపుల జాబితా ఉండే మ్యాప్‌ఇన్ఫోస్ ఫైలు కూడా మారుతుంది, కాబట్టి ఒక్కరే ఓ 30 ఖాళీ మ్యాపులు సృష్టించి నంబర్లు పంచెయ్యాలి. పుల్ చేసేముందు (గిట్‌లోంచి కొత్త మార్పులు తెచ్చుకునేముందు) ఎడిటర్ మూసెయ్యండి, తెరిచి ఉంచి తర్వాత సేవ్ కొడితే వచ్చిన కొత్త డేటా మీద పాతది రాసేస్తుంది. జీవులు, ట్రైనర్ల వివరాలుండే పీబీఎస్ ఫైళ్లు మామూలు టెక్స్ట్, వాటితో బెంగ లేదు.

నైట్‌షిఫ్ట్:
150 పూర్తయ్యేలోపు లాయర్ నోటీసొస్తుంది బ్రో. పోకెమాన్ యురేనియం అనే ఫ్యాన్ గేమ్ దాదాపు 9 ఏళ్లు కట్టారు, 2016 ఆగస్టులో 15 లక్షల డౌన్‌లోడ్లు దాటాక లింకులు తీసేశారు.

గీతలగోపి:
రూబీరావు గారి లెక్కలో ఆర్టిస్టంటే 750 ఫైళ్లు. స్క్రిప్ట్‌లో బగ్ వస్తే అందరూ ఓపిక పడతారు, బొమ్మ ఆలస్యమైతే మాత్రం ఆర్టిస్టు బద్ధకస్తుడు.

రూబీరావు:
బద్ధకం మాట నేనెక్కడన్నాను? ఆర్టిస్టు సగంలో వెళ్లిపోయి "నా బొమ్మలు తీసెయ్యండి" అంటే ఏంటి గతి? ఒక్క స్టార్టర్ పోయినా ప్రొఫెసర్ స్టార్టర్ ఇచ్చే ఈవెంట్, పోటీదారు రైవల్ టీములు, ట్రైనర్ల ఫైలు అన్నీ తిరగరాయాలి. అందుకే 12తో మొదలెట్టమంటున్నా.

గీతలగోపి:
అదీ మీ మనసులో మాట. ఈ ఆట అమ్మలేం, పోకెమాన్ పేరు మనది కాదు, స్క్రిప్టులు ఎసెన్షియల్స్ దాటి నడవవు. ప్రాజెక్టు కూలితే బయటికి పట్టుకెళ్లగలిగేది సొంత జీవుల్నే. వాటిని గీసినవాడు గోడో అనే గేమ్ ఇంజిన్‌లో తన ఆట కట్టుకుంటే వాడుకోవచ్చా లేదా?

రూబీరావు:
వాడుకోండి, ఎవరొద్దన్నారు. ఇందులోంచి పీకేస్తానంటేనే ఒప్పుకోను.

గీతలగోపి:
నేను వెళ్లాక నేను గీసిన జీవి మూడో రూపం ఇంకొకరితో గీయించినా ఊరుకోవాలా?

రూబీరావు:
మరి రెండో రూపం దగ్గర ఆట ఆపెయ్యాలా?

గడ్డిపొద:
జాబితా పక్కన పెట్టాం. ఇప్పుడు మూడు ముక్కలు రాసుకుంటున్నాం. ఇచ్చిన బొమ్మ ఆటలో ఉంటుంది, పేరు క్రెడిట్స్‌లో ఉంటుంది. బయట వాడుకోవడం ఆర్టిస్టు ఇష్టం. పీఎన్‌జీతోపాటు పిక్సెల్ బొమ్మల సాఫ్ట్‌వేర్ యాస్‌ప్రైట్ మూల ఫైలు కూడా ఇవ్వాలి, అది ఉంటేనే తర్వాత ఇంకొకరు మార్చగలరు. ఈ మూడోదానికి మా ఆర్టిస్టు ఇంకా ఊఁ అనలేదు.

పిక్సెల్‌పంతులు:
మూల ఫైలు 96లోనేనా?