చైనాతో 99 బిలియన్ డాలర్ల లోటు అంటే అంత నష్టపోయినట్టేనా?

చిక్కడపల్లి_రీడింగ్‌రూమ్:
అన్నలూ అక్కలూ, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న, అశోక్‌నగర్‌ల ఉంట. నిన్న లైబ్రరీ బయట చాయ్ దగ్గర పెద్ద లొల్లి అయింది. ఒకడేమో 2024-25ల చైనాతోని మన వ్యాపార లోటు, అంటే అమ్మినదానికన్న ఎక్కువ కొన్నది, 99 బిలియన్ డాలర్లు, గన్ని పైసలు అటు పోతున్నయ్ కాబట్టి ఫ్రీ ట్రేడే బంద్ పెట్టాలె అంటడు, ఇంకొకడు పైసలిచ్చినం సామాను తెచ్చుకున్నం, ఇండ్ల నష్టమేందిరా అంటడు. నాకు ఇద్దరు చెప్పింది కరెక్టే అనిపిస్తుంది, అదే నా బాధ. మెటీరియల్ చూస్తే ఇటు పది పాయింట్లు అటు పది పాయింట్లు ఇచ్చి "సమతుల్య విధానం అవసరం" అని వదిలేసిండ్రు. ఎస్సేల ఏం రాయాలె?

భాగ్యనగర్_బుల్లోడు:
దీపావళికి చైనా లైట్లు కొనడం మానేయండి, లోటు అదే పోతుంది 😀

పాత_లెక్చరర్:
పై ఆయనకి దండం. లైట్లు ఆ లెక్కలో ఎంతండి, అక్కడి నుంచి వచ్చేదాంట్లో పెద్ద భాగం ఎలక్ట్రానిక్ విడిభాగాలు, మెషినరీ, కెమికల్స్.

తమ్ముడూ, అసలు చైనాతో మనకి ఫ్రీ ట్రేడ్ ఒప్పందమే లేదు, బంద్ పెట్టడానికి ఏముంది? చైనా కూడా ఉన్న ఆసియా-పసిఫిక్ ఫ్రీ ట్రేడ్ ఒప్పందం ఆర్‌సెప్ చర్చల నుంచి 2019 నవంబర్‌లో బ్యాంకాక్‌లో బయటికొచ్చేశాం, చైనా సరుకు వచ్చి పడుతుందనే భయం అందులో పెద్ద కారణం. ఆ ఏడాది లోటు 49 బిలియన్ల లోపే, సంతకం పెట్టకపోయినా ఐదేళ్లలో రెట్టింపైంది. ఇంకోటి, ఒక్క దేశంతో లోటు చూసి ఏడవడం దండగ. 2024-25లో సరుకుల్లో మొత్తం లోటు 280 బిలియన్లు దాటినా సర్వీసుల్లో మిగులు దాదాపు 189 బిలియన్లు వచ్చింది, అందులో మన మాదాపూర్, గచ్చిబౌలి కష్టం కూడా ఉంది, దానికి తోడు బయట దేశాల్లో ఉన్నవాళ్లు పంపే డబ్బు. అన్నీ కలిపితే కరెంట్ అకౌంట్ లోటు జీడీపీలో 0.6 శాతం. 1990-91లో అది 3 శాతం చుట్టూ ఉండి, చేతిలో డాలర్లు అయిపోయి, బంగారం విదేశాల్లో కుదువ పెట్టాల్సొచ్చింది, భయపడాల్సింది అప్పుడు.

అన్నట్టు మనం చైనాని ఏ మాట అంటున్నామో ట్రంప్ మనల్ని అదే అన్నాడు. మన లెక్కల్లో అమెరికాతో మనకి 41 బిలియన్ల దాకా మిగులుంది. 2025 ఆగస్టులో 50 శాతం టారిఫ్ వేశాడు, అందులో సగం రష్యా ఆయిల్ పేరు చెప్పి. దెబ్బ పడింది భీమవరం రొయ్యల మీద.

జీడిమెట్ల_పర్చేజ్:
సార్ చెప్పిన టోటల్ లెక్క ఒప్పుకుంటా కానీ 0.6 శాతం అని నిద్రపోతే కుదరదండి. నేను బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో పర్చేజ్‌లో ఉంటాను. అమాక్సిసిలిన్ గోళీ అందరికీ తెలుసు కదా, దానికి 6-ఏపీఏ అనే ముడిసరుకు కావాలి, దానికి ముందు పెన్-జి (పెన్సిలిన్-జి) కావాలి, అది ఫెర్మెంటేషన్ సరుకు, అంటే పులియబెట్టి తీసేది, కరెంటు స్టీము బాగా తాగుతుంది. ఒకప్పుడు మన దేశంలోనే తయారయ్యేది, చైనా వాడు చవగ్గా దింపేసరికి ఒక్కొక్క ప్లాంటూ మూతపడింది, మేమూ చవకని అక్కడే కొన్నాం మరి, ఎవర్నని ఏం లాభం. 2020 మొదట్లో అక్కడ లాక్‌డౌన్ పెడితే ఇక్కడ రేటు అడిగితే సప్లయర్లు కోటేషనే ఇవ్వలేదు, ఒకడైతే "పొద్దున రేటు సాయంత్రానికి ఉండదు, మీ ఇష్టం" అన్నాడు. మార్చిలో మన గవర్నమెంటు పారాసెటమాల్‌తో సహా 26 మందుల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. డాలర్లలో చూస్తే పెన్-జి ఇంపోర్ట్ ఎంతండి, మొత్తం లోటులో లెక్కలోకే రాదు, అది రాకపోతే మాత్రం లైన్ ఆగిపోతుంది.

అలాగని డ్యూటీ వేసేయండి అని కూడా నేను అనను. పీఎల్ఐ (ఇక్కడే తయారు చేస్తే గవర్నమెంటు ఇచ్చే ప్రోత్సాహకం) కింద కాకినాడ దగ్గర 2024లో పెన్-జి మొదలైంది, సంతోషమే, కానీ చైనా వాడు వెంటనే రేటు దించుతాడు, ఇక్కడి వాడు డ్యూటీ కావాలంటాడు. వేస్తే మా కాస్ట్ పెరుగుతుంది, గోళీ సీలింగ్ రేటు కేంద్రం మందుల ధరల సంస్థ ఎన్‌పీపీఏ చేతిలో ఉంది, ఆ తేడా ఎవడు మింగాలి?

అశ్వారావుపేట_గెలలు:
డ్యూటీ మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. నేను కూకట్‌పల్లిలో ఉంటా, నాన్న ఊళ్లో పామాయిల్ తోట చూస్కుంటడు. 2024 సెప్టెంబర్‌లో ముడి పామాయిల్ మీద దిగుమతి సుంకం మొత్తం కలిపి 5.5 నుంచి 27.5 శాతం చేశారు, 14 వేల చిల్లర ఉన్న టన్ను గెలల రేటు కొన్ని నెలల్లోనే 20 వేలు దాటింది. అదే టైంలో ఇక్కడ మా ఆవిడ నూనె ప్యాకెట్ రేటు చూసి నన్ను తిట్టింది 😅 మళ్లీ 2025 మే చివర్లో 16.5కి దించారు, గెలల రేటు జారింది. మొక్క పెట్టాక నాలుగేళ్లకి గాని కాపు రాదు, ఢిల్లీలో మాత్రం తొమ్మిది నెలలకే నిర్ణయం మారిపోయింది. సుంకం ఎంతన్నా పెట్టుకోండి సార్, కనీసం ఐదేళ్లు కదపకండి, అప్పుడు మొక్క పెట్టాలో వద్దో మేం లెక్కేసుకుంటాం.

చిక్కడపల్లి_రీడింగ్‌రూమ్:
మస్తు చెప్పిండ్రు అందరు. అయితే లోటు అంకెతోని మొదలువెట్టకుండ పెన్-జి, గెలలు తీస్కొని రాస్త. ఒక్క డౌట్, ఆర్‌సెప్ పాయింట్ ఎక్కడ పెట్టాలె సార్?

పాత_లెక్చరర్:
మొదటి పేరాలోనే పెట్టు, 2019-20, 2024-25 లోటు అంకెలు రెండూ పక్కపక్కనే వెయ్యి. బిలియన్లు ఒక్కటే రాసి వదలకు, జీడీపీలో శాతం కూడా రాయి, దిద్దేవాళ్లు అది చూస్తారు.