అమ్మతో ఫిబ్రవరిలో సప్పోరో: మోకాళ్ల నొప్పితో మంచు మీద నడవగలదా?

బరంపురం నుంచి

అందరికీ నమస్కారం. మా అమ్మకి అరవై నాలుగు. మంచు కురవడం కళ్లారా చూడాలని ఎన్నాళ్లుగానో అంటోంది. రెండేళ్ల కిందట డిసెంబర్‌లో మన ఒడిశా కొండల్లోని దారింగిబాడి తీసుకెళ్లాను. తెల్లారగట్ల ఐదింటికి శాలువా కప్పుకుని బయటికొచ్చి, గడ్డి మీద తెల్లగా కనిపిస్తే వంగి తడిమింది. చెయ్యి తడిసింది, అంతే. "ఇది మన మంచే కదరా" అంది. ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు.

అందుకే జపాన్‌లోని సప్పోరో అనుకున్నాను. ఫిబ్రవరి మొదట్లో ఒదోరి పార్కులో మంచు పండగ జరుగుతుంది. 1950లో హైస్కూలు పిల్లలు ఆరు మంచు బొమ్మలు చేసి పెట్టడంతో మొదలైందట, ఇప్పుడు మేడలంత ఎత్తున కడుతున్నారు. నాలుగు రాత్రులు అక్కడ, మధ్యలో ఒక పూట దగ్గర్లోని ఒతారు ఊరు. నా బెంగంతా అమ్మ కుడి మోకాలి గురించే, మెట్లు దిగేటప్పుడు పట్టేస్తుంది. పైగా చీర తప్ప ఏదీ కట్టదు. వీసాకి విశాఖలో అడగాలా, హైదరాబాద్ వెళ్లాలా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

జయపురం నుంచి

తమ్ముడూ, రెండూ కాదు. మనం ఇంట్లో తెలుగే మాట్లాడుకున్నా అడ్రసు ఒడిశాది. ఒడిశావాళ్లం జపాన్ వాళ్ల కోల్‌కతా కాన్సులేట్ కిందకి వస్తాం, ఆంధ్రావాళ్లు చెన్నై కిందకి. విశాఖలో ఒక ఏజెంటు మాట నమ్మి నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను. 2024 ఏప్రిల్ నుంచి మనకి టూరిస్టు ఈ-వీసా ఇస్తున్నారు. అయితే అక్కడ దిగాక ఫోన్లో నెట్ ఆన్ చేసి ఆ పేజీ చూపించాలి. ప్రింటు, స్క్రీన్‌షాట్ ఒప్పుకోరు. అమ్మగారిది కూడా నీ ఫోన్లోనే తెరుచుకునేలా చూసుకో.

పర్లాకిమిడి అక్క

బాబూ, నేను సప్పోరోలో రెండు చలికాలాలు ఉన్నాను. అమ్మని నిస్సందేహంగా తీసుకెళ్లు. కానీ ఒక సంగతి శ్రద్ధగా విను.

మనకి మంచు అంటే ఒకటే మాట. అక్కడ కాలి కింద ఎన్నో రకాలు. రాత్రి కొత్తగా పడినది కొబ్బరికోరులా పొడిపొడిగా ఉంటుంది, అడుగు వేస్తే కిర్రుమంటుంది, దాంతో భయం లేదు. జనం తొక్కి తొక్కి గట్టిపడినదాని మీద జాగ్రత్తగా నడిస్తే చాలు. ప్రమాదమంతా రోడ్డు దాటే చోట. కార్లు ఆగి, కదిలి, ఆగి, కదిలి ఆ చక్రాలకి మంచు అద్దంలా నునుపెక్కిపోతుంది. నేను పడ్డది అక్కడే, మణికట్టు మూడు వారాలు వాచింది. జారే కూడళ్ల దగ్గర ఒక పెట్టె ఉంటుంది, అందులో చిన్న రాతి పలుకుల సంచులు పెడతారు. ఎవరైనా తీసి జల్లుకోవచ్చు. మొహమాటపడకు, అమ్మ ముందు జల్లి అప్పుడు దాటించు. అడుగు చిన్నగా, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా వేయాలి. చేతులు జేబులో పెట్టుకోకూడదు.

బూట్లు ఇక్కడ కొనకు. అక్కడి షాపుల్లో మంచుకి తగిన అడుగు ఉన్నవే దొరుకుతాయి. బూటుకి తొడుక్కునే ముళ్ల పట్టీలు కూడా అమ్ముతారు, లోపల నున్నటి గచ్చు మీదకి రాగానే తీసేయాలి, లేకపోతే అవే జారతాయి. చేతికర్ర చివర మడత ముల్లు ఉండేది కొను.

ఇంకో మంచి సంగతి: సప్పోరో స్టేషన్ నుంచి ఒదోరి దాకా, అక్కడి నుంచి సుసుకినో పేట దాకా నేల కిందనే నడిచి వెళ్లిపోవచ్చు. స్టేషన్-ఒదోరి దారి 2011లో తెరిచారు. వెచ్చగా, చదునుగా ఉంటుంది. ఆ దారి మీద లిఫ్టు దగ్గర్లో హోటల్ చూసుకో, అద్దె ఎక్కువైనా సరే.

చీర కట్టుకోనీ. లోపల థర్మల్ ప్యాంటు, పైన పొడుగు కోటు, అంచు మాత్రం చీలమండ పైకి ఎత్తి కట్టాలి, లేకపోతే తడిసి గడ్డకడుతుంది. రాత్రిళ్లు మైనస్ ఆరు, ఏడు ఉంటుంది, లోపలేమో హీటర్లు మండుతుంటాయి, కాబట్టి విప్పేందుకు వీలుగా పొరలు పొరలుగా వేయించు. ఒతారులో ఎత్తుపల్లాలు ఎక్కువ, కాలువ గట్టు వరకే ఉంచు. మన తప్తపాణి వేడినీటి బుగ్గ అలవాటైతే జోజాంకేయి ఊళ్లోని వేడినీళ్ల స్నానం అమ్మకి నచ్చుతుంది, బస్సులో గంట. ఆడవాళ్లకి వేరే స్నానాలగది, కానీ బట్టల్లేకుండా దిగాలి. ఆ మాట ఇంట్లోనే చెప్పి ఉంచు.

రాయగడ నుంచి

అక్క చెప్పినవి నూటికి నూరుపాళ్లు నిజం. నావి రెండు. మంచులో సూట్‌కేసు చక్రాలు తిరగవు, మా నాన్నగారూ నేనూ పావుగంట మోశాం. చిన్న బ్యాగులు తీసుకెళ్లండి. రైస్ కుక్కర్ వద్దు, అక్కడ కరెంటు 100 వోల్టులే, మనది సరిగా వేడెక్కదు. కందిపొడి, ఊరగాయ చాలు, వేడి అన్నం కన్వీనియన్స్ స్టోర్లలో దొరుకుతుంది. కరివేపాకు, పచ్చిమిర్చి మాత్రం పెట్టుకోవద్దు, సర్టిఫికెట్ లేని పచ్చివాటిని కస్టమ్స్ దాటనివ్వరు.

బరంపురం నుంచి

అందరికీ చేతులెత్తి దండం. అమ్మకి మొత్తం చదివి వినిపించాను. కొబ్బరికోరులా ఉంటుందన్నది రెండుసార్లు చదివించుకుంది. కోటుకి సరేనంది. వేడినీళ్ల సంగతి ఆలోచిస్తానంది. అక్కా, అక్కడ బూట్ల సైజు సెంటీమీటర్లలో కదా, పాదం ఇక్కడే కొలుచుకుని వెళ్లాలా?

పర్లాకిమిడి అక్క

కొలువు బాబూ. ఊలు సాక్సు తొడిగి, సాయంత్రం పూట, ఆమెని నిలబెట్టి. ఎవరికైనా సాయంత్రానికి పాదం కాస్త వాస్తుంది. రెండు కాళ్లూ కొలిచి పెద్దదే రాసుకో.