పదవి కావాలనేవాళ్ళకు పదవి ఇవ్వొచ్చా? వ్యక్తిత్వ పరీక్షతో ఏమైనా తేలుతుందా?

పక్కబెంచి (ప్రశ్న)

అరవై మంది సభ్యులున్న స్వచ్ఛంద సంస్థ. రెండేళ్ళకోసారి కార్యదర్శి ఎన్నిక. ఈసారి రెండు వాదనలు బయల్దేరాయి. అందరికీ ఆ పదహారు రకాల వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, "సేనాధిపతి" తరహా అని వచ్చినవాళ్ళలోంచే ఎంచుకుందామని ఒక వర్గం. నాకు కావాలని ముందుకొచ్చే మనిషికి అసలు ఇవ్వకూడదు, ఆశ ఉన్నచోట స్వార్థం ఉండి తీరుతుందని రెండో వర్గం. మొదటిది సైన్సులా వినిపిస్తోంది, రెండోది నీతిలా వినిపిస్తోంది, రెండూ నమ్మబుద్ధి కావడం లేదు. వ్యక్తిత్వం చూసి మంచి నాయకత్వాన్ని ముందే చెప్పగలమా? పదవీకాంక్ష దానంతట అదే తప్పా? ఆచరణలో ఎలా ఎంచుకోవాలి?

తూనికరాయి

ముందు పరీక్ష సంగతి. స్విస్ మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో ప్రచురించిన సిద్ధాంతాన్ని పట్టుకుని కేథరీన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ అల్లిన పద్ధతి అది. అసలు చిక్కు దాని లెక్కలో ఉంది. బహిర్ముఖత లాంటి గుణం మనుషుల ఎత్తు లాగే పరుచుకుని ఉంటుంది: మధ్యలో ఎక్కువమంది, అంచుల్లో కొద్దిమంది. ఈ పరీక్ష సరిగ్గా జనం ఎక్కువున్న ఆ మధ్యలోనే గీత గీసి ఇటువాళ్ళకు ఒక అక్షరం, అటువాళ్ళకు ఇంకో అక్షరం అంటగడుతుంది. గీత పక్కనున్న మనిషి ఆ రోజు మూడ్‌ని బట్టి రెండు జవాబులు మార్చినా రకం మారిపోతుంది. అలాంటి గీతలు నాలుగు, రకం పేరులో అక్షరాలూ నాలుగు. కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాయిస్తే చాలామందికి కనీసం ఒక అక్షరం తేడా రావడానికి కారణం ఇదే. ఉద్యోగ ఎంపికకు దీన్ని వాడొద్దని ఆ పరీక్షను అమ్మే సంస్థే చెబుతుంది. ఇంకో సంగతి, పదవి పందెంలో ఉందని తెలిశాక "బాధ్యత తీసుకోవడం మీకు ఇష్టమేనా" అని అడిగితే కాదనేవాళ్ళెవరు?

పరిశోధకులు ఎక్కువగా వాడేది ఐదు గుణాల కొలత: బహిర్ముఖత, పనిలో నిబద్ధత, కొత్తదనం పట్ల ఆసక్తి, సౌమ్యత, ఆందోళన స్వభావం. ఇందులో రకాలుండవు, ఎవరికెంత అన్న అంకెలే. తిమొతీ జడ్జ్ బృందం 2002లో పాత అధ్యయనాలన్నీ గుదిగుచ్చి చూస్తే నాయకత్వంతో బహిర్ముఖత కోరిలేషన్ (రెండు విషయాలు ఎంతవరకు కలిసి నడుస్తాయన్న అంకె, 0 అంటే సంబంధం లేనట్టు, 1 అంటే పూర్తిగా ఉన్నట్టు) 0.31, నిబద్ధత 0.28 వచ్చాయి. 0.31ని దాంతోనే గుణిస్తే దాదాపు 0.10. అంటే నాయకత్వంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో పదోవంతే బహిర్ముఖతతో ముడిపడి ఉంది.

మీ ప్రశ్నకు పనికొచ్చేది సౌమ్యత అంకె. నలుగురిలో నాయకుడిగా పైకి తేలడంతో దానికి 0.05 సంబంధం, అంటే లేనట్టే. నాయకుడయ్యాక పని బాగా చెయ్యడంతో మాత్రం 0.21. నిబద్ధత దీనికి తలకిందులు: పైకి తేలడంలో 0.33, పనితీరులో 0.16. కుర్చీ ఎక్కించే గుణాలు వేరు, ఎక్కాక అక్కరకొచ్చే గుణాలు వేరు. గుంపులో ఎవరు ఎక్కువసేపు మాట్లాడితే వాళ్ళే నాయకుడిలా కనిపిస్తారన్నది కూడా పరిశోధనల్లో తేలిన విషయమే. సభలో ఐదు నిమిషాలు మాట్లాడించి ఓటేయిస్తే మీరు కొలిచేది సరిగ్గా దాన్నే.

నడిమిగడప

పై లెక్కలతో పేచీ లేదు. రెండో వర్గం వాదనే నాకు ఎక్కువ ప్రమాదకరంగా కనిపిస్తోంది, వినడానికి వినయంగా ఉంటుంది కాబట్టి. వద్దన్న మనిషిని కూర్చోబెడితే ఏమవుతుందో చూడండి: నిర్ణయాలు వాయిదా పడతాయి, గట్టిగా అడగాల్సినచోట అడగరు, ఆ ఖాళీలోకి ఎన్నిక కాని మనిషి ఒకరు దూరి వెనకనుంచి నడిపిస్తారు. ఆ మనిషిని లెక్క అడిగే దారే ఉండదు. అధికారకాంక్ష ఎక్కడికీ పోలేదు, చాటుకు వెళ్ళిందంతే.

అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ మనుషుల్ని నడిపే కోరికల్ని మూడుగా చూశాడు: సాధించాలని, నలుగురి ప్రేమ పొందాలని, ప్రభావం చూపాలని. 1976లో బర్న్‌హామ్‌తో కలిసి రాసిన వ్యాసంలో, అందరికీ నచ్చాలని తపించే మేనేజర్ల దగ్గర జట్టు స్థైర్యం తక్కువని చూపాడు. కారణం చాలా మామూలుది. అడిగిన ప్రతివాళ్ళకీ మినహాయింపు ఇస్తారు, అడగనివాళ్ళు అన్యాయమైపోతారు. బాగా నడిపినవాళ్ళలో ప్రభావం చూపాలన్న కోరిక బలంగానే ఉంది, కాకపోతే అది సంస్థ వైపు తిరిగి ఉంది, దాని మీద నిగ్రహమూ ఉంది. కాబట్టి అడగాల్సింది ఆశ ఉందా లేదా అని కాదు, ఎటు తిరిగి ఉందని.

ఎటు తిరిగిందో పోల్చుకోవాలంటే పాత పనులు చూడాలి. జట్టు గెలిచినప్పుడు ఎవరి పేర్లు చెప్పారు? తనకు తెలిసిన పని ఇంకొకరికి నేర్పారా, గుట్టుగా దాచుకున్నారా? తన ప్రతిపాదన ఓడిపోయాక కూడా ఆ పనికి వచ్చారా? నా దృష్టిలో మూడోదానికే ఎక్కువ బరువు, దాన్ని నటించడం కష్టం. ఆష్టన్, లీ అనే ఇద్దరు పరిశోధకులు ఐదు గుణాలకు ఆరోదిగా చేర్చిన "నిజాయితీ-వినయం" కూడా ఇలాంటి చోటే చూస్తుంది: సూటితనం, న్యాయబుద్ధి, అత్యాశ లేకపోవడం, అణకువ.

ఆత్మమోహం ఉన్నవాళ్ళు పదవికి సులువుగా ఎక్కుతారు, కానీ పనితీరులో మెరుగేమీ ఉండదని 2015లో గ్రిజాల్వా బృందం తేల్చింది. ఆ ఎక్కడం కూడా చాలావరకు వాళ్ళ బహిర్ముఖత చలవేనట. అలాగని మౌనంగా ఉండేవాళ్ళందరూ ఉత్తములని కూడా అనుకోవద్దు, కొందరు ఊరికే మౌనంగా ఉంటారు. ఆడమ్ గ్రాంట్ బృందం 2011లో చూసినదాని ప్రకారం, సభ్యులు తమంతట తాము సలహాలిచ్చే జట్టుకు అంతర్ముఖులైన నాయకులు, చెప్తే తప్ప కదలని జట్టుకు బహిర్ముఖులు నప్పారు. మీ అరవై మందీ ఏ తరహానో ముందు చూసుకోండి.

చీటీలపెట్టె

ఆచరణ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

అభ్యర్థుల పేర్లు రాకముందే కార్యదర్శి రెండేళ్ళలో చెయ్యాల్సిన పనులు ఒక కాగితం మీద పెట్టండి. పేర్లు వచ్చాక రాస్తే ఎవరో ఒకరి కొలతలకు కుట్టిన చొక్కా అవుతుంది. ఆ పనుల్లోంచి ఐదారు ప్రశ్నలు తియ్యండి, అందరికీ అవే, అదే వరుసలో. "మీరేం చేస్తారు" అని అడగొద్దు, "అలాంటప్పుడు ఏం చేశారు" అని అడగండి. ముగ్గురు వినండి. ప్రతి జవాబుకూ 1 నుంచి 5 దాకా మార్కు అప్పటికప్పుడే, ఎవరిది వాళ్ళు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా వెయ్యాలి. తప్పు జరిగేది ఇక్కడే: మొదటి జవాబు నచ్చితే మిగతావాటికీ మార్కులు పెరిగిపోతాయి. అందుకే ఒక ప్రశ్నకు అభ్యర్థులందరి జవాబులూ విని మార్కులేశాకే రెండో ప్రశ్నకు వెళ్ళడం మేలు, జవాబులు రాతలో తీసుకుంటే అది సులువు. ఇలాంటి కట్టుదిట్టమైన ఇంటర్వ్యూకు ఉద్యోగంలో పనితీరుతో 0.42 సంబంధం ఉందని, పిచ్చాపాటీ ఇంటర్వ్యూకు 0.19 మాత్రమేనని పాత అధ్యయనాల మీద 2022లో వచ్చిన పునఃపరిశీలన చెప్పింది.

తర్వాత అభ్యర్థి కింద పనిచేసిన ఇద్దరిని విడిగా అడగండి. పైవాళ్ళను అడిగితే అందరూ మంచివాళ్ళే.

చివర్లో దాదాపు సమానంగా ముగ్గురు మిగిలితే చీటీ వెయ్యండి. నవ్వులాట కాదు. వెనిస్‌లో 1268 నుంచి పాలకుడిని ఎన్నుకోవడానికి చీటీతో తగ్గించడం, ఓటుతో పెంచడం మార్చి మార్చి చేసేవారు: 30 మంది, 9, 40, 12, 25, 9, 45, 11, చివరికి 41. ఆ 41 మందిలో కనీసం 25 ఓట్లు రావాలి. ఎన్నుకునే హక్కు ఎవరి చేతికి వెళ్తుందో తెలియనప్పుడు ఎవరిని కొనాలి?

పక్కబెంచి

కార్యదర్శికి లెక్కలు రావాలి కదా. చీటీలో లెక్కలు రాని మనిషి వస్తే?

చీటీలపెట్టె

అందుకే వడపోత అయ్యాక చీటీ. ప్రాచీన ఏథెన్స్‌లో 500 మంది సలహాసభను చీటీతో ఎంచేవారు, ఏడాది పదవి, జీవితంలో రెండుసార్లకు మించి లేదు. సేనానులు పదిమందిని మాత్రం ఓటుతోనే ఎన్నుకునేవారు, నేర్పు లేకపోతే ప్రాణాలు పోతాయి కాబట్టి. చీటీ పదవైనా ఓటు పదవైనా దిగేటప్పుడు లెక్క అప్పజెప్పక తప్పేది కాదు. మీరు కూడా పదవి దిగినవాళ్ళు ఖాతా పుస్తకాలు అప్పగించి లెక్క తేలేదాకా ఇంకో పదవికి నిలబడకూడదని రాసుకోండి. అది ఈ ఎన్నికకు ముందే రాయాలి. గెలిచాక రాస్తే గెలిచిన మనిషి మీద అనుమానంతో రాసినట్టుంటుంది, ఇక ఎవరూ సంతకం పెట్టరు.